పిట్ట ముట్టేదాకా

పర్శరాములు పోయిన పదకొండో దినం భోజనానికి వచ్చి తిన్నవాళ్లలో చాలామంది మర్నాడు తెల్లవారేసరికి కడుపు పట్టుకుని కూర్చున్నారు. కొత్తవాడ సందుల్లో ఏ ఇంటి ముందు చూసినా నీళ్ల బకెట్టు, చెంబు, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డ మనిషి. మరమగ్గాల చప్పుడు ఆగిపోయి వాడంతా బోసిపోయింది. ముసలివాళ్లను కొందరిని ఆటోల్లో పెద్ద దవాఖానకు తీసుకెళ్లి సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికల్లా అందరూ తేరుకున్నారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. అయితే కడుపులో నొప్పి తగ్గినంత తొందరగా నోట్లో మాట తగ్గదు. ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి నల్లా నీళ్లు సీసాల్లో పట్టుకుని, ఓఆర్ఎస్ పొట్లాలు పంచి, మోరీల్లో బ్లీచింగ్ చల్లి వెళ్లేలోపే వాడ తీర్పు చెప్పేసింది. బక్కమ్మ వండిన యాట కూర పాడుకూర. ఎక్కడిదో నిల్వ మాంసం కలిపింది. ముసలిదైపోయింది, చెయ్యి చెడింది.

పర్శరాములు చిన్నకోడలు నవతకు ఆ మాట నిజం కాదని తెలుసు. నిజం ఏమిటో కూడా తెలుసు. తెలిసిన ఆ సంగతే ఆమెను ఒకచోట కూర్చోనివ్వడం లేదు. బియ్యం ఏరబోయి చాట పక్కన పెట్టేది. బట్టలు మడతపెడుతూ సగంలో లేచి వాకిట్లోకి వచ్చేది. వచ్చాక ఎందుకొచ్చిందో మరిచిపోయి మళ్లీ లోపలికి పోయేది.

నవత పెళ్లయిన నాటినుంచి హనుమకొండలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో నర్సుగా చేసింది. ఏళ్లతరబడి అవే రోగాలతో అవే వాడల మనుషులు తిరిగి తిరిగి వస్తుంటే, వచ్చినవాళ్లకు సూది వేయడంతో సరిపెట్టుకోలేక, అసలు వీళ్లంతా ఎందుకు వస్తున్నారో చూడాలనిపించింది. దానికీ ఒక చదువుందని తెలిసింది. ప్రజారోగ్యంలో పీజీ. పరీక్ష రాస్తే హైదరాబాదులో సీటొచ్చింది. సోమవారం పొద్దున రైలెక్కితే మళ్లీ శనివారం సాయంత్రం దిగడం. మూడో క్లాసు చదివే కూతురు తేజస్విని అత్త మల్లవ్వ దగ్గర. మొదటి ఏడాదంతా అంటురోగాలు, తిండివల్ల వచ్చే జబ్బులు, వాటి లెక్కలు. ఇప్పుడు రెండో ఏడాది చివరికొచ్చింది. థీసిస్ ఒక్కటే మిగిలింది.

ఈ చదువు ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. అలాగని వద్దని గట్టిగా అన్నవాళ్లూ లేరు. భర్త రమేశ్ 'నీ ఇష్టం' అనేవాడు, ఆ మాట అన్నప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేవాడు. వేరే వాడలో కాపురముండే బావ సదానందం వచ్చినప్పుడల్లా, ఉన్న పిల్లను తల్లి లేని పిల్లను చేయడం ఏం చదువని తన భార్యతో అన్నట్టుగా ఇంటందరికీ వినిపించేవాడు. మామ పర్శరాములు మాత్రం ఏమీ అనలేదు. శనివారం ఆమె గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే మగ్గం గుంటలోంచి తలెత్తి, "ఇంకెన్ని దినాలు బిడ్డా?" అని అడిగేవాడు. ఆ అడగడంలో విసుగుందో ఆత్రముందో నవతకు ఎప్పుడూ తేలలేదు. ఒకరోజు తిరిగి అడిగేద్దామని అనుకుంటుండగానే ఆయన ఒక మధ్యాహ్నం సగం నేసిన జంపఖానా మీదికి ఒరిగి, గుండె ఆగి పోయాడు.

వాళ్లలో దినాల భోజనానికి ఒక కట్టు ఉంది. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఇస్తారాకులో వడ్డించి ఆరుబయట పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు గాని చుట్టాలు గాని నోట్లో మెతుకు వేసుకోకూడదు, వండిన గంజుల మీద మూత తీయకూడదు. ముట్టలేదంటే పోయిన మనిషి మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఒక్కొక్కరే ఇస్తారి ముందుకు వెళ్లి ఆ కోరిక ఏదో ఊహించి మాట ఇవ్వాలి. సరైన మాట పడ్డప్పుడు పిట్ట దిగుతుంది.

ఆ రోజు పొద్దు నడినెత్తికి రాకముందే బక్కమ్మ వంట ముగించింది. సంఘం భవనం వెనక ఖాళీ జాగాలో ఇస్తారి పెట్టారు. ఎండలు మండుతున్న రోజులు. ఒక్క కాకి లేదు. దూరంగా కరెంటు తీగ మీద ఒకటి వాలి, ఇటు చూసి ఎగిరిపోయింది. పొయ్యిల పొగకు పిట్ట బెదురుతోందని సంఘం పెద్దమనిషి గట్టయ్య అన్నాడు. సదానందం బిందెతో నీళ్లు తెచ్చి పొయ్యిలన్నీ ఆర్పేశాడు. గంజుల మీద మూతలు, మూతల మీద గోనెసంచులు. జనమంతా షామియానా నీడకు చేరారు.

అన్నదమ్ములం కొట్లాడుకోమని సదానందం మాట ఇచ్చాడు. అమ్మను మంచిగా చూసుకుంటామని రమేశ్ ఇచ్చాడు. మగ్గం అమ్మబోమన్నారు. కల్లు తక్కువైందేమోనని ఇంకో సీసా పెట్టారు. పిట్ట రాలేదు.

ఈలోగా మల్లవ్వకు చెమటలు పట్టాయి. ఆమెకు షుగరు. పొద్దున మాత్ర వేసుకుని ఏమీ తినకుండా కూర్చుంది. చేతులు వణుకుతుండడం చూసి నవత ఆమెను రెక్క పట్టుకుని వంటల డేరాలోకి తీసుకెళ్లింది. మూతల కింద గంజులు ఇంకా సెగలు కక్కుతున్నాయి. చక్కెర నీళ్లు తాగించమని బక్కమ్మకు చెప్పింది. అంతలో ఇస్తారి దగ్గర తనను పిలుస్తున్నారని ఎవరో వచ్చి చెబితే పరుగున తిరిగి వచ్చింది.

పిలిచింది ఎందుకంటే, గుంపులోంచి ఎవరో ఆడమనిషి ఒక మాట జారవిడిచింది. చిన్నకోడలు చదువు మీదే ముసలాయన మనసు కొట్టుకునేది, వారం వారం అడిగేవాడు కదా అని. ఇక అందరి కళ్లూ నవత మీదే.

"ఒక్క మాట అను నవతా. సదువు బంద్ చేస్త, ఇంటిపట్టున ఉంట అను, అయిపోతది," అన్నాడు సదానందం.

నవత ఇస్తారి ముందు నిలబడింది. అబద్ధం ఆడడం చేతగాని మనిషేమీ కాదు. వార్డులో రోగులతో రోజూ ఆడింది. కానీ మామతో ఆడాలంటే, అందులోనూ ఆయన అడిగినదానికి అర్థం తెలియకుండా ఆడాలంటే, నాలుక మడతపడింది. బతిమాలారు, కసిరారు. మల్లవ్వ డేరాలోంచి తేరుకున్న మొహంతో వచ్చి ఒక పక్కన కూర్చుంది గాని ఏమీ అనలేదు. పొద్దు వాలుతోంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. చివరికి సదానందం ఆమె భుజం మీదుగా ముందుకు వంగి, మా నవత చదువు మానుతది బాపూ, నాది జిమ్మ అని పూచీ పడుతూ తనే అనేశాడు. కొంచెంసేపటికి ఎక్కడినుంచో ఒక కాకి దిగి ముక్కను నోట కరుచుకుని పోయింది.

జనం ఒక్కసారిగా లేచారు. గబగబా ఇస్తారాకులు పరిచారు. అంత ఆకలి మీద కూర వేడిగా ఉందా చల్లగా ఉందా అని చూసిన మనిషి లేడు.

*

వాడ తేరుకున్నాక హైదరాబాదు నుంచి గైడ్ మేడం ఫోన్ చేసింది. సంగతి పేపర్లో చూసిందట. థీసిస్‌కు ఇంతకంటే మంచిది దొరకదు, ఎవరు ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఇంటింటికీ వెళ్లి అడుగు అంది. అది మా ఇంటి భోజనమే మేడం అని నవత చెప్పింది. అయితే మరీ మంచిది, నీతో ఎవరూ అబద్ధం చెప్పరు అని మేడం సంతోషపడింది. ఆవిడకు అత్తగారిల్లు లేదేమో అనుకుంది నవత.

అయినా తిరిగింది. ఇంట్లో కూర్చోవడం కంటే అదే నయమనిపించింది. ఒకామె తనకేమీ కాలేదని తల అడ్డంగా ఊపుతుంటే, వెనకనుంచి ఆమె మొగుడు పొద్దంతా మంచం దిగనేలేదు కదనే అన్నాడు. ఇంకొకాయన తాను బాత్‌రూంకు కొన్నిసార్లే పోయానని, తమ్ముడు మాత్రం లెక్కలేనన్నిసార్లు పోయాడని పందెం గెలిచినట్టు చెప్పుకున్నాడు. అందరూ చివరికి బక్కమ్మనే తిట్టేవారు. తిట్లు పక్కన పెడితే సంగతి తేటగానే ఉంది. మల్లన్న మొక్కు ఉండి మాంసం ముట్టనివాళ్లు, పప్పు పెరుగుతో తిన్నవాళ్లు గుండ్రాళ్లలా ఉన్నారు. వాళ్లు తాగినవీ అవే నల్లా నీళ్లు. పడ్డవాళ్లంతా కూర తిన్నవాళ్లే. అందరికీ ఒకే తీరు. రాత్రి బాగానే పడుకున్నారు, తెల్లవారుజామున కడుపు మెలిపెట్టింది, వాంతులు పెద్దగా లేవు, ఒక్క రోజులో పోయింది.

ఈ పాఠం ఆమె చదివిందే. మాంసం ఉడికినప్పుడు క్రిములు చస్తాయి గాని, కొన్ని గట్టి పెంకు కట్టుకుని గింజల్లా మిగులుతాయి. పెద్ద గంజులో కూర మెల్లమెల్లగా చల్లారుతూ గోరువెచ్చగా ఉన్నంతసేపూ ఆ గింజలు మొలకెత్తి పిల్లలు పెడతాయి. దించిన వెంటనే తింటే ఏమీ కాదు. కింద మంట ఉండి కూర కుతకుతలాడుతున్నా ఏమీ కాదు. బక్కమ్మ చేతిలో బాగానే ఉన్న కూర, మంట ఆర్పి మూతపెట్టి పిట్ట కోసం కూర్చున్న ఆ మధ్యాహ్నమంతా పాడైంది.

ఈ మాట బయటపెడితే తర్వాతి ప్రశ్న ఏమిటో నవతకు తెలుసు. ఆలస్యం ఎవరివల్ల? ఒక్క మాట అనని కోడలివల్ల. అసలే సదానందం ఇచ్చిన మాట మెడకు చుట్టుకుని ఉంది. సోమవారం రైలెక్కితే చనిపోయినాయనకు ఇచ్చిన మాట తప్పినట్టు. ఎక్కకపోతే ఇన్నాళ్ల చదువు బూడిదలో పోసినట్టు. దానికి తోడు వాడంతా మంచాన పడడానికి కూడా తనే కారణమని పదిమందిలో తేలితే, రమేశ్ ఇక 'నీ ఇష్టం' అని కూడా అనడు. నోరు మూసుకుంటే తన సంగతి ఏదో ఒకలా సర్దుకోవచ్చు. కానీ బక్కమ్మ పోతుంది. ఆదివారం సంఘంలో కూర్చుంటున్నారు. సంఘం గంజులు, గరిటెలు ఇక ఆమెకు ఇవ్వకూడదని గట్టయ్య మనసులో ఉన్న మాట. ఆ వాడలో పెళ్లయినా చావయినా వంట ఆ గంజుల్లోనే. అవి ముట్టనివ్వకపోతే ఆమెను వంటకు పిలిచే ఇల్లు ఉండదు.

ఆమెకు ఇంకొకటి కూడా దొరికింది. దొరకకపోతే బాగుండేది. దినం నాటి బట్టలు ఉతుకుతుంటే మల్లవ్వ తెల్లచీర కొంగుకు ఎర్రటి కూర నూనె మరక కనిపించింది. పిట్ట ముట్టాక జరిగిన భోజనంలో మల్లవ్వ తిన్నది పెరుగన్నమే. వడ్డించింది నవతే. ఇంట్లో అందరూ పడ్డారు, నవత కూడా పడింది. మల్లవ్వ ఒక్కతే చెక్కు చెదరకుండా తిరుగుతూ అందరికీ గంజి కాచి పోసింది.

నవత బక్కమ్మ ఇంటికి వెళ్లింది. బక్కమ్మ గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. ఎవరి వంట కోసం తీస్తోందో ఆమెకే తెలియాలి. తలెత్తకుండానే, నువ్వు కూడా రాసుకోను వచ్చినవా అంది.

"రాసుకునేతందుకు రాలే చిన్నమ్మా. ఆ దినం మా అత్తమ్మకు ఏం పెట్టినవ్?"

బక్కమ్మ చెయ్యి ఆగింది. "నువ్వు చెప్పిందే. చక్కెర నీళ్లు."

"కొంగుకు మరక ఉన్నది."

"వంట కాడికొచ్చిన కొంగుకు మరక కాకుంటే అత్తరైతదా?" అని కసిరి, బక్కమ్మ మళ్లీ వెల్లుల్లి మీద పడింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అంది: "ఇను బిడ్డా. మొగడు పోయిన మనిషి, పిట్ట ముట్టకముందే కూడు తిన్నదంటే ఆ ముసల్ది మల్ల వాడల తలెత్తుకుంటదా? గంజులు పోతే పోనీ. ఏడనో గిన్నెలు తోముకుంట. నేనైతే ఏం అన్లే. నువ్వు గూడ ఏం విన్లే."

నవత లేచి వచ్చేసింది. ఇప్పుడు ఆమె దగ్గర లేనిదంటూ ఏమీ లేదు. అదే గంజులోని కూర వేడి తగ్గకముందే తిన్న మనిషి ఒకరున్నారు, ఆ మనిషికి ఏమీ కాలేదు. క్లాసులో అయితే ఇంతకంటే మంచి సాక్ష్యం లేదని మేడం బోర్డు మీద రాసి గీత గీసేది. ఇక్కడ ఆ సాక్ష్యానికి పేరుంది, షుగరుంది, మనవరాలికి రెండు జడలు వేసే చేతులున్నాయి.

ఇంటికి వచ్చేసరికి ఆ చేతులు జడలే వేస్తున్నాయి. బక్కమ్మ ఇంటికి పోయావట, ఏమంది అని మల్లవ్వ తల తిప్పకుండా అడిగింది. చక్కెర నీళ్లు ఇచ్చానంది అని నవత చెప్పింది. మల్లవ్వ జడ ఎంత బిగించిందంటే తేజస్విని కెవ్వుమంది.

రమేశ్‌తో మాట్లాడి చూసింది. అతను తండ్రి మగ్గం మీద దుమ్ము దులుపుతున్నాడు. సంఘంలో లేచి ఉన్నది ఉన్నట్టు చెబుతానంటే, దులపడం ఆపి ఆమె వైపు చూశాడు.

"చెప్పి ఏం చేస్తవ్? అన్న మాట ఇచ్చిండు, పిట్ట ముట్టింది. ఇప్పుడు నేను అన్నను కాదనాల్నా, బాపును కాదనాల్నా?"

"నన్ను కాదంటానవ్ గదా. అది తేలికగనే ఉన్నదా?"

అతను దులిపిన చోటనే మళ్లీ దులిపాడు.

*

ఆదివారం సంఘం హాల్లో మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు జంపఖానాల మీద కూర్చున్నారు. బక్కమ్మ తలుపు పక్కన నిలబడింది, కూర్చోమని ఎవరూ అనలేదు. గట్టయ్య గొంతు సవరించుకుని, ఎవరి మీదా కోపం లేదని, వయసైపోయిన మనిషికి విశ్రాంతి ఇవ్వడం న్యాయమని, ఇక నుంచి గంజులు వేరేవాళ్లకు ఇద్దామని మెత్తగా చెప్పుకొచ్చాడు. చాలామంది తలలూపారు. సదానందం అందరికంటే ముందు ఊపాడు.

నవత లేచింది. గోడకు ఆనుకుని నిలబడింది. మాంసం పాతది కాదని, పాతదైతే పొద్దున ముక్కలు కోసినప్పుడే వాసన పట్టేవాళ్లని చెప్పింది. క్రిముల గింజల సంగతి, గోరువెచ్చని గంజు సంగతి విప్పి చెప్పింది. పొయ్యిలు ఆర్పకుండా సన్నసెగ మీద ఉంచితే ఇది జరిగేది కాదంది. పొయ్యిలు ఆర్పమన్నది ఎవరో ఆమె చెప్పలేదు. గట్టయ్యకు చెప్పకుండానే అర్థమైంది.

"అయితే తప్పు నాదంటవ్," అన్నాడు.

"తప్పు ఎవలదీ కాదు మామా. పొగకు పిట్ట రాదనుకున్నరు, ఆర్పిన్లు. గని చిన్నమ్మది అసలే కాదు. దించంగనే తింటే ఆ కూర మంచిగనే ఉండె."

"ఉండెనని నీకెట్ల తెలుసు? దించంగనే తిన్నోళ్లు ఎవరున్నరు? పిట్ట ముట్టకముందు తిన్న మనిషి ఈ వాడల ఉన్నడా?"

నవత గట్టయ్య వైపే చూస్తూ అంది: "ఉన్నరు. పేరు చెప్ప."

హాల్లో గుసగుస లేచింది. ఎందుకు చెప్పవని నాలుగు గొంతులు అడిగాయి. చెప్పినవాళ్ల పేర్లు బయటపెట్టకూడదు, మా చదువులో అది మొదటి నియమం అని ఆమె అంటే, కుర్చీల వైపు నవ్వులు వినిపించాయి.

"మాటియ్యుమంటె ఇయ్యది, పేరు చెప్పుమంటె చెప్పది," అన్నాడు సదానందం. "రైలెక్కి పోయి నేర్సుకున్నది గిదే. పొయ్యి ఆర్పుడు తప్పంటవ్ గని, గంతసేపు ఎందుకు ఆగాల్సి వచ్చిందో గది గూడ చెప్పు అందరికి."

ఇన్ని రోజులుగా ఎదురుచూస్తున్న ప్రశ్న వచ్చేసరికి నవత గోడను వదిలి ముందుకు జరిగింది.

"నా వల్లనే ఆగిన్లు. నేను మాట ఇయ్యలే. ఇప్పుడు గూడ ఇయ్య బావా. నువ్విచ్చినవ్, నువ్వే చూసుకో. దానికి నన్ను ఏమన్న అనున్లి, చిన్నమ్మ గంజులు గుంజుకోకున్లి."

రమేశ్ తల వంచుకున్నాడు. ఆడవాళ్లలో ఒకామె, అయితే వాడంతా ఈమె పట్టుదలకే పడిందన్నమాట అని పక్కామెతో పైకే అంది. గట్టయ్య చెయ్యెత్తి, మాట ఒప్పుకున్నందుకు సంతోషం, కానీ పేరు లేని సాక్ష్యం సాక్ష్యం కాదు, గంజుల సంగతిలో మార్పు లేదు అన్నాడు. బక్కమ్మ కొంగు నడుముకు చెక్కుకుని వెళ్లడానికి తిరిగింది.

"నేను తిన్న," అంది మల్లవ్వ.

కూర్చున్నచోటు నుంచి లేవలేదు. గొంతు పెంచలేదు. అయినా అందరికీ వినిపించింది.

"బక్కి పెట్టింది, తిన్న. యాట కూర, బగారన్నం. చక్కెర నీళ్లు ఇస్తే వద్దన్న, నాకు అన్నమే కావాలన్న. కండ్లు కనవడకుంటయినయ్, కాళ్లు గుంజుకపోతున్నయ్. మల్లోసారి గూడ పెట్టిచ్చుకున్న. నాకేం కాలే. గదే నీకు కావాల్సిన పేరు గట్టన్నా, రాసుకో."

సదానందం లేచి నిలబడ్డాడు. ఏం మాట్లాడుతున్నావే అమ్మా అన్నాడు. ఒకరిద్దరు ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మల్లవ్వ వాళ్ల వైపు కూడా చూసింది.

"ఆయన అలిగి పిట్టను ఆపిండంటే నామీద అలిగి ఆపాలె. దాని సదువు మీదికి ఎందుకు పోతున్నరు? దాన్ని నిలవెట్టి అంతమంది అంటాంటె నేను కడుపునిండ తిని నోరు మూసుకొని కూసున్న. అలిగితే గందుకు అలగాలె." ఊపిరి తీసుకుంది. "అయినా ఆయన గట్ల అలిగెటోడు గాదు. నేను ఉప్పు చూడని కూర ఆయన నోట్ల పెట్టనే లేదు. ముందుగాల నువ్వు తినే, మాత్రేసుకున్నవ్ అని ఆయనే అనేటోడు."

"మరి పిట్ట ఎందుకు రాలే వదినా?" అన్నాడు గట్టయ్య. అడగకుండా ఉండలేక అడిగినట్టుంది.

"నాకేం ఎరుక. పొగకు వస్తలేదని నీకే ఎరుకైంది ఆనాడు. నువ్వే చెప్పు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. అది సద్దుమణిగాక తలుపు దగ్గరనుంచి బక్కమ్మే అడిగింది. బుధవారం మొగిలయ్య ఇంట్లో ఫంక్షన్ ఉంది, గంజుల గదికి తాళంచెవి ఇస్తారా, లేకపోతే వేరే మనిషిని చూసుకోమని ఇప్పుడే చెబితే వాళ్లకు కూడా మంచిది అంది. గట్టయ్య కుర్చీల్లో కూర్చున్న మొగిలయ్య వైపు చూశాడు. మొగిలయ్య ఫ్యాను వైపు చూసి, తన తల్లి వేరేవాళ్ల చేతి కూర తినదని నసిగాడు. గట్టయ్య జేబులోంచి తాళంచెవి తీశాడు. ఇచ్చేముందు, ఇక మీద పిట్టకు చిన్న గిన్నెలో ముందు వండి పెట్టాలని, అది ముట్టాకే పెద్ద గంజులు పొయ్యి ఎక్కించాలని, అంతా తనకే తట్టినట్టు చెప్పాడు. ఎవరూ కాదనలేదు.

*

మాట మాత్రం ఊరికే పోలేదు. బక్కమ్మ మీదినుంచి లేచి, నవత మీద కాసేపు వాలి, మల్లవ్వ మీద కూర్చుంది. ఆ సాయంత్రం ఆమె పాల కోసం వెళ్తే, డెయిరీ ముందు నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు మాట ఆపి తలా ఒక దిక్కు నడిచారు. మొగుడి పిండం చల్లారకముందే రెండుసార్లు పెట్టించుకుందట అన్న మాట సందు మలుపులో వినిపించింది. సదానందం తల్లికి చెప్పకుండానే వెళ్లిపోయాడు. మల్లవ్వ రోజూ కూర్చునే అరుగు మీద ఆ రోజు కూర్చోలేదు. లోపల గోడ వైపు తిరిగి కందిపప్పు చెరుగుతూ ఉండిపోయింది.

నవత ఆమె దగ్గరికి వెళ్లి నిలబడింది. పేరు చెప్పనంది, చెప్పలేదు, నిజమే. కానీ ఆ పేరు బయటికి రాక తప్పని చోటిదాకా మాటను తోలుకుపోయింది తనే. బక్కమ్మ చూసినంత దూరం తను ఎందుకు చూడలేదు? చూసే మాట్లాడిందా? తన మనసులో ఏ మూలనో అత్త లేస్తుందన్న ఆశ ఉందా? ఎంత తవ్వినా తేలలేదు.

"నేను మాట్లాడకుంటే నీకు గీ మాటలు వచ్చేటివి గావు అత్తమ్మా."

"వచ్చేటివి గావు," అంది మల్లవ్వ. కాదనలేదు. పప్పు చెరుగుతూనే ఉంది. పొట్టు ఊది, "రేపు ఏ బండికి పోతానవ్?" అని అడిగింది.

"పోవాల్నా వద్దా ఇంకా అనుకోలే."

చాట ఆగింది. "అనుకునేదేమున్నది? అంతమందిల తిండిపోతుదాన్నని అనిపిచ్చుకున్నది నువ్వు ఇంట్ల కూసుండేతందుకా?"

ఆ గొంతులో ఆప్యాయత ఏమీ లేదు. కోపమే ఉంది. ఆ కోపం తన మీదో, వాడ మీదో, పోయిన మనిషి మీదో నవతకు తెలియలేదు. లోపలికి వెళ్లి బ్యాగు దించి దులిపింది. ఒక చీర పెట్టి, తీసి, మళ్లీ అదే పెట్టింది.

పొద్దున రమేశ్ బండి మీద స్టేషన్‌కు తీసుకెళ్లాడు. ఎప్పుడూ గేటు దగ్గర దింపి వెళ్లిపోయేవాడు, ఆ రోజు బ్యాగు పట్టుకుని ప్లాట్‌ఫారం దాకా వచ్చాడు. రైలు కదిలాక కూడా అక్కడే నిలబడి ఉన్నాడు, చెయ్యి ఊపాలా వద్దా అన్నట్టు సగం ఎత్తి.

కాజీపేట దాటాక ఫోన్ మోగింది. సదానందం. మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఇచ్చిన మాట సంగతి ఏం చేశావని అడుగుతాడు. ఎప్పటికైనా ఎత్తక తప్పదు. మేడంకు ఇవాళ చూపించాల్సిన మొదటి పేజీ కూడా మనసులోనే ఉంది. ఒక వ్యక్తి కూర వేడి తగ్గకముందే తిన్నారు, ఆ వ్యక్తికి జబ్బు రాలేదు. థీసిస్‌లో అంతే రాయాలి. అంతకు మించి రాయడానికి అందులో చోటు లేదు.

కిటికీ పక్కన సీటు ఖాళీగానే ఉంది. కూర్చో అమ్మా అని ఒక పెద్దాయన సంచి పక్కకు జరిపాడు. నవత తలూపింది గాని కూర్చోలేదు. రఘునాథపల్లి దాటేదాకా తలుపు కమ్మీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది.